అక్క వెంట్రుకలకు చెవుడు

అక్క పోయిందన్న కబురు మా మేనమామ ఫోన్ చేసి చెప్పాడు. కామారెడ్డిలో నేను సైన్సు చెప్పే బడిలో అప్పుడే ప్రార్థన మొదలైంది. పిల్లల వరసలు దాటి గోడ పక్కకు వెళ్లి ఫోన్ ఎత్తాను. "పోయింది బిడ్డా మీ అక్క. గిప్పుడే, పొద్దుగాల" అన్నాడు. ఆయనే అందుకున్నాడు. "ఆఖరికి ఏమడిగిందో ఎరుకేనా? రొట్టె. సచ్చేటప్పుడు గూడ తిండి యావనే దానికి." అని ఒక చిన్న నవ్వు నవ్వాడు.

ఏడుపు తరవాత వచ్చింది. ముందు ఆ నవ్వు చెవికి అంటుకుపోయినట్టనిపించి కొంగుతో చెవి తుడుచుకున్నాను. ఛీ, ఏం మనుషులం!

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మా అక్క గురించి చెప్పడానికి నా దగ్గర మంచి తప్ప ఏమీ లేదు కాబట్టి ఆ చిక్కు నాకు లేదు. బతికున్నవాళ్ల గురించి కూడా మంచే చెప్పాలని మాత్రం ఎవరూ అనలేదు కదా. చదివేవాళ్లు కాస్త ఓర్చుకోవాలి. మావాళ్ల మీద నాకున్న ఏవగింపును దాచుకుని రాయడం నాకు చేతకాదు.

అక్క నా తోడబుట్టింది కాదు, అమ్మ సొంత అక్క, మా పెద్దమ్మ బిడ్డ. వాళ్ల ఇల్లు ఎల్లారెడ్డిలో. పెద్దమ్మను మేనబావకే ఇచ్చి చేశారు. పెద్దనాన్న పోయి చాలా కాలమైంది. అక్క తరవాత ఒక తమ్ముడు, వాడు ఇప్పుడు మస్కట్‌లో పని చేస్తున్నాడు. ఎండాకాలం సెలవులు రాగానే నన్ను ఎల్లారెడ్డి బస్సెక్కించేవాళ్లు. బస్సు దిగేసరికి అక్క అక్కడ ఉండేది. లావుగా, నవ్వుతూ, చేతులకు నిండా మట్టిగాజులు వేసుకుని. నాకంటే ముందే నా సంచి వాసన చూసి, అమ్మ ఏం పంపిందో చెప్పేసేది.

అక్కకు ఆకలి ఎక్కువ. ఎక్కువ అంటే మనకు తెలిసిన ఎక్కువ కాదు. తిని చెయ్యి కడుక్కున్న తరవాత కూడా ఆమె కడుపుకు తిన్నట్టు తెలిసేది కాదు. పెద్దమ్మ జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి, గిన్నెలో పెట్టి, దూలానికి వేలాడదీసేది. కోళ్లకు అందకుండా కాదు, సొంత బిడ్డకు అందకుండా. ఒకసారి అక్క బల్ల ఎక్కి ఆ గిన్నె దింపుతుంటే పెద్దమ్మ చూసింది. ఎంత కొట్టిందంటే, చేతిలో రొట్టె ముక్క నలిగి పొడి అయిపోయింది. దెబ్బలు ఆగాక అక్క ఆ పొడిని కొంగులో ఏరుకుని తింది. ఏడుస్తూనే తింది. పక్కింటివాళ్లు గోడ మీంచి చూసి నవ్వారు. "నీ బిడ్డకు కడుపా, చెరువా?" అన్నారు. పెద్దమ్మ కూడా వాళ్లతో కలిసి నవ్వింది.

రెండో సంగతి చీకటి. పొద్దుగూకితే అక్కకు కళ్లు కనిపించేవి కావు. వీధి దీపం వెలిగే వేళకు గడప మీద కూలబడి, "నా దుకాన్ బంద్" అనేది. ఆ తరవాత నీళ్లు కావాలన్నా గోడ పట్టుకుని నడిచేది. దాన్ని కూడా మావాళ్లు నమ్మలేదు. సాయంత్రం గిన్నెలు తోమాల్సి వస్తుందని నటిస్తోందన్నారు. ఒకసారి చుట్టాల పెళ్లిలో, సందెవేళ, భోజనాల దగ్గరికి నడుస్తూ అక్క మోరీలో పడింది. కొత్త చీర. నడుము దాకా మురికి. మేనమామ అక్కడే నిలబడి అందరికీ వినబడేట్టు అన్నాడు, "బువ్వ వాసనకు కండ్లు మూసుకపోయినయ్." పందిరంతా నవ్వింది. అక్కను బావి దగ్గర నిలబెట్టి నేను నీళ్లు పోస్తుంటే ఆమె అడిగింది భోజనాల వరస గురించి ఒకటే మాట. "చెల్లె, బంతి లేశిందా?" నేనూ నవ్వేశాను, ఆమె కూడా నవ్వింది. అక్కతో అదే చిక్కు. ఏడవాల్సిన చోట నవ్వించేది.

బడి మానిపించాక అక్క బీడీలు చేయడానికి కూర్చుంది. మా వైపు ఆడవాళ్లకు అది కొత్త పనేమీ కాదు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడి గుడ్డలో తునికాకు, చేతిలో కత్తెర. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవడం. చూపు తగ్గుతున్న కొద్దీ అక్క వేళ్లకు తెలివి పెరిగింది. ఆకు ఎండిందో, పచ్చిగా ఉందో తడిమి చెప్పేది. కూలి డబ్బుతో కొనుక్కున్న చిన్న రేడియో పక్కన మోగుతుంటే, మధ్యమధ్య దానితో కూడా వాదించేది. ఇంటికి ఎవరొచ్చినా చెప్పుల చప్పుడును బట్టి పేరు పెట్టి పిలిచేది. మేనమామ వస్తే మాత్రం పలికేది కాదు. "చెప్పులు ఇనవడ్డయ్ గని, మనిషి కనవడలె" అనేది.

ఆమె చేతులు గుర్తొస్తే ఆ బుడిపెలు గుర్తొస్తాయి. రెండు చేతులకూ, చిటికెన వేలి పక్కన, మెత్తటి చిన్న బుడిపె ఒక్కొక్కటి. పుట్టినప్పుడు అక్కకు చేతికి ఆరేసి వేళ్లు. మావాళ్ల దృష్టిలో ఆరో వేలు మగపిల్లవాడికైతే అదృష్టం, ఆడపిల్లకైతే పెండ్లి కాదు. అందుకని పురిటిలోనే పెద్దమ్మ, మేనమామ కలిసి పెండ్లి గుర్రం తోకలోంచి వెంట్రుకలు తెప్పించి, ఆ రెండు వేళ్ల మొదట్లో బిగించి కట్టారు. నాలుగు రోజులకు వేళ్లు నల్లబడి, ఎండి రాలిపోయాయి. పులిపిరికి కట్టినట్టు. ఇంట్లో పోట్లాట వచ్చినప్పుడు పెద్దమ్మ నోరు జారితే అక్కకు తెలిసింది ఇది. ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఈ వేళ్ల సంగతి ఎందుకు ఇంతగా చెబుతున్నానో ఇప్పుడు చెబుతాను. అక్క ఏడో తరగతిలో ఉండగా బడికి కళ్ల పరీక్షలకు వచ్చినవాళ్లు, ఈ పిల్లను పెద్దాస్పత్రిలో చూపించమన్నారు. చూపించారు. అక్కడి డాక్టరు కళ్లు చూశాడు, ఒళ్లు చూశాడు, పెద్దమ్మను అడిగాడు. పుట్టినప్పుడు వేళ్లు ఎక్కువేమైనా ఉన్నాయా అని. పెద్దమ్మ "లేవు సారు" అంది. అంతే. ఆయన ఇంకో ప్రశ్న వేయలేదు. విటమిన్ మాత్రలు రాసి పంపాడు. ఒక్క మాట. ఆ ఒక్క మాటతో అక్క జబ్బుకు పేరు దొరకకుండా పోయింది. మూత్రపిండాలను కనిపెట్టి చూసుకోవలసిన ఏళ్లన్నీ రొట్టెల గిన్నె కింద దెబ్బలు తింటూ గడిచిపోయాయి.

ముప్పై దాటాక కాళ్లు వాచాయి, ముఖం ఉబ్బింది. కామారెడ్డిలో చూపిస్తే మూత్రపిండాలు చెడిపోతున్నాయన్నారు. నేను పట్టుబట్టి హైదరాబాద్ తీసుకెళ్లాను. పెద్దమ్మ వెంట వచ్చింది. పుట్టుకతో వచ్చే జబ్బులు చూసే డాక్టరమ్మ ఒకామె అక్క చెయ్యి పట్టుకుని, ఆ బుడిపె మీద బొటనవేలితో నిమిరి, అదే ప్రశ్న అడిగింది. పెద్దమ్మ ఏమాత్రం తడబడకుండా అదే అబద్ధం చెప్పింది. "లేవు డాక్టరమ్మా. అవి పుట్టుమచ్చలు."

అక్క నోరు విప్పింది. "ఉండెనట మేడం. గుర్రం ఎంట్రుకతోని కట్టిండ్రట." పెద్దమ్మ బల్ల కింద అక్క తొడ గిల్లింది. నేను చూశాను. అక్క ఉలిక్కిపడి, వెంటనే, "మేడం, ఇప్పుడు గూడ గిల్లుతున్నది" అంది.

డాక్టరమ్మకు నవ్వాలో కోపగించుకోవాలో తెలియలేదు. ఇద్దరి రక్తం తీయించింది. ఫలితాలు వచ్చాక మళ్లీ పిలిచి, కూర్చోబెట్టి చెప్పింది. మన ఒంట్లో దాదాపు ప్రతి కణం మీదా ఒకే ఒక్క సన్నటి వెంట్రుక లాంటిది ఉంటుందట. బడిలో నేను పిల్లలకు చెప్పే శైలికలు పారమీషియం అనే ఏకకణ జీవివి. ఒంటి నిండా ఉండి, తెడ్లలాగా కొట్టుకుంటూ దాన్ని ఈదించేవి. ఇది అలా కాదు. ఇది కదలదు. ఊరికే నిలబడి, బయటి నుంచి వచ్చే కబుర్లను పట్టుకుని కణం లోపలికి అందిస్తుంది. దీన్ని ప్రాథమిక శైలిక అంటారు.

"కడుపులో బిడ్డకు చెయ్యి తయారయ్యేటప్పుడు ఎన్ని వేళ్లు రావాలో చెప్పే కబురు దీని మీద నుంచే పోవాలి" అంది డాక్టరమ్మ. "కంట్లో వెలుతురు పట్టే కణం రెండు ముక్కలు. ఆ రెండింటి నడుమ వంతెన కూడా ఇదే. మూత్రపిండంలోని సన్నటి గొట్టాల్లో కూడా ఇదే ఉంటుంది. కడుపు నిండింది, ఇక చాలు అనే కబురు అందుకునే మెదడు కణాలకు కూడా ఇదే. ఈమెకు ఆ వెంట్రుకకు సరుకు చేరవేసే ఏర్పాటు పుట్టుకతోనే చెడింది. అందుకే వేళ్లు, కళ్లు, ఆకలి, ఒళ్లు, కిడ్నీలు అన్నీ. ఇవి అయిదు జబ్బులు కావు, ఒక్కటే."

ఆరు వేళ్లున్నవాళ్లందరికీ ఈ జబ్బు ఉంటుందని అనుకోవద్దని కూడా గట్టిగా చెప్పింది. ఎక్కువ మందికి ఏమీ ఉండదట. కానీ ఆరో వేలు కనిపిస్తే ఒకసారి చూపించుకోవాలి. ముఖ్యంగా మేనరికాల ఇళ్లలో. చెడిన జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ కలిస్తేనే జబ్బు. ఒక్కటే ఉన్నవాళ్లు గుండ్రాయిలా ఉంటారు, వాళ్లకు తెలియను కూడా తెలియదు. జబ్బు పోవడానికి మందు లేదు కానీ, ముందే తెలిస్తే మూత్రపిండాలు, చక్కెర, రక్తపోటు కనిపెట్టి చూసుకోవచ్చు. చూపు పోకముందే చూపు లేని బతుకు నేర్పవచ్చు. అన్నిటికన్నా ముందు, ఆ పిల్లను తిండిపోతని కొట్టకుండా ఉండవచ్చు. ఈ చివరి మాట డాక్టరమ్మ పెద్దమ్మ వైపు చూసి అంది.

"చాలా కాలం శాస్త్రవేత్తలు కూడా దీన్ని లెక్కచేయలేదమ్మా. ఎప్పటిదో మిగిలిపోయిన పనికిరాని ముక్క అనుకున్నారు" అని కూడా చెప్పింది.

అక్క ముఖం వెలిగిపోయింది. "పనికిరానిదన్నరా? అరె! అచ్చం నా లెక్కనే."

తిరుగు ప్రయాణంలో బస్సు భిక్నూర్ దాటాక అక్క నా భుజం మీద తల వాల్చి, "సైన్సు టీచరమ్మా, గంత చిన్న ఎంట్రుకనా నన్ను ఆగం జేసింది?" అంది. అవునన్నాను. తల ఎత్తి, "నేను యావ మనిషిని గాదన్నట్టు గదా" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. పెద్దమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఒక్కసారైనా ఇటు తిరగలేదు.

ఆ రోజు నుంచి అక్కకు ఒక కొత్త మాట దొరికింది. ఎవరైనా "ఇంక తింటవా?" అంటే, "నేను చాలన్న గని, నా ఎంట్రుకలకు చెవుడు" అనేది. గోడకు తగిలినా అదే మాట. డాక్టరు నీళ్లు తక్కువ తాగమంటే, "సరే గని, చెవిటోళ్లకు ఎట్ల చెప్పాలె మేడం?" అనేది. జబ్బు పేరు పొడుగ్గా ఉంటుంది, ఇంగ్లీషులో ఉంటుంది, ఆమెకు నోరు తిరగలేదు. ఈ మాటే దాని పేరైపోయింది.

ఇంతవరకూ చేసింది తెలియనితనం అనుకుందాం. నేను ఒప్పుకోను గానీ, అనుకుందాం. ఆ తరవాత చేసినదాన్ని ఏమనాలి? డాక్టరమ్మ అంత విడమరిచి చెప్పాక, మావాళ్లు తమ్ముడికి మేనమామ పెద్ద కూతురినే తెచ్చి పెండ్లి చేశారు. ముందు ఇద్దరికీ రక్తపరీక్ష చేయించండని ఇంటినిండా మనుషులుండగా అడిగాను. "నీకేమొస్తది మా ఇంట్ల పెండ్లాగితే?" అన్నాడు మేనమామ. "డాక్టర్లు గట్లనే బెదిరిస్తరు. రొట్టె దొంగలకు గూడ రోగం పేరు పెడ్తరు." ఇంట్లో అందరూ తలూపారు. పెండ్లి పిల్లకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. అక్కను ఆఖరి బంతిలో కూర్చోబెట్టారు.

అక్కకు డయాలిసిస్ మొదలయ్యాక కామారెడ్డి రాకపోకలు మొదలయ్యాయి. పొద్దున ఎల్లారెడ్డిలో బస్సెక్కి, లింగంపేట మీదుగా వచ్చి, బడి పక్కన దిగేది. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి ఇంట్లో ఆపడానికి ఎవరికీ సాకు దొరకలేదు. సూది గుచ్చే నర్సమ్మ చెల్లెలై పోయింది, పక్క మంచం ముసలాయన బాపు అయిపోయాడు. మిషన్ తిరుగుతుంటే ఆయనకు సినిమా కథలు చెప్పేది, సగం సొంత కల్పన. అయిపోయాక మా ఇంట్లో ఒక పూట పడుకుని వెళ్లమంటే సరేననేది. నేను ఆమెకు డాక్టరు చెప్పినంత రొట్టె, చెప్పినంత కూర పెట్టేదాన్ని. తిని, పళ్లెం వేలితో తడిమి, "అయిపోయిందా?" అనేది. అయిపోయిందంటే, "సరే, ఎంట్రుకలకు చెప్త" అని లేచేది.

ఆ తరవాత అక్క మా ఇంట్లో ఉండడం మానేసింది. కారణం తమ్ముడి బిడ్డ.

ఆడపిల్ల పుట్టింది. కాన్పు అయిన ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చి, గుడ్డల్లో చుట్టి, అక్క ఒళ్లో పెట్టారు. చూపు అప్పటికి పూర్తిగా పోయింది. అందరూ ముఖం ఎవరి పోలిక అని మాట్లాడుకుంటుంటే, అక్క పాప చేతులు తడుముతోంది. ఎడమ చెయ్యి తడిమింది, వదిలింది. కుడి చెయ్యి తడిమి ఆగిపోయింది. మళ్లీ తడిమింది. "ఒకటి ఎక్కువున్నది" అంది.

పెద్దమ్మకూ మేనమామకూ అది ముందే తెలుసు. ఆస్పత్రిలో చూసి, పెద్ద డాక్టరుకు చూపించమని చెబితే దాచిపెట్టి తెచ్చారు. మేనమామ మెల్లగా, "ఏం గాదు, కడ్తే రాలిపోతది" అన్నాడు. ఆయన చిన్న కూతురికి సంబంధం కుదురుతోంది. ఈ ఇంట్లో జబ్బుందన్న మాట బయటికి పోతే అది తప్పిపోతుందని ఆయన భయం.

నేను అక్కడే ఉన్నాను. అక్క గొంతు అంతకుముందు ఎప్పుడూ అలా వినలేదు. "కట్టిండ్రంటే నేను బజార్ల నిలవడి చెప్త, నాకు గూడ ఉండె అని. వేలుంటే డాక్టరు అడుగుతది. వేలు లేకుంటే ఎవ్వరడుగుతరు? నన్నెవ్వరడిగిండ్రు?"

అప్పటి నుంచి అక్క ఆ పాపకు కాపలా కూర్చుంది. చాట పక్కకు పెట్టేసి, పాపను ఒళ్లో వేసుకుని, ఆ కుడి చెయ్యిని పిడికిట్లో దాచుకునేది. డయాలిసిస్ రోజున కామారెడ్డిలో మంచం మీద పడుకుని, మధ్యలో ఫోన్ చేసేది. పాప తల్లి ఎత్తేది. అక్క పలకరింపు ఏమీ లేకుండా ఒకటే అడిగేది. "వేలున్నదా?" అవతల మరదలు, "ఉన్నది వదినె" అనేది. అప్పుడు అక్క కళ్లు మూసుకునేది. నేను హైదరాబాద్ డాక్టరమ్మతో మాట్లాడి, పాపను చూపించడానికి రోజు ఖాయం చేశాను. తమ్ముడికి మస్కట్ ఫోన్ చేస్తే, "అమ్మ, మామ ఏమంటే గది అక్కా" అన్నాడు. మేనమామ, చిన్నదాని పెండ్లి అయినంక చూద్దామన్నాడు. మేము వెళ్లాల్సిన ఆ వారంలోనే అక్క గుండె ఆగిపోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టారు. ఇంటి డాబా మీద విస్తరాకు పరిచి, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి పెట్టి, కాకి ముట్టేదాకా కనిపెట్టుకుని ఉండడం మా దగ్గర ఆనవాయితీ. నేను మెట్లెక్కి వెళ్లి ఆ విస్తరి చూశాను. జొన్నరొట్టెలు దొంతర. మటన్ కూర. బగారా అన్నం. సేమియా పాయసం. గారెలు. గిన్నె దూలానికి కట్టిన ఆ చేతులే వడ్డిస్తున్నాయి. "నా బిడ్డకు రొట్టంటే పానం" అని పెద్దమ్మ ఏడుస్తోంది. అవును, పానమే! ఆ పానం మీద కొట్టింది ఎవరు? బతికినన్నాళ్లూ ఒక్క ముక్కకు వెంటపడి తన్నినవాళ్లు, ఇప్పుడు కాకికి కుప్పలు పోస్తున్నారు. నెయ్యి వాసనకు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

కాకి వచ్చింది, పక్కింటి నీళ్ల ట్యాంకు మీద వాలింది, అక్కడే కూర్చుంది. రాలేదు. అందరూ చేతులు జోడించి అక్కకు మాటలివ్వడం మొదలుపెట్టారు. ఏదో కోరిక మిగిలిపోయిందని, అది తీరుస్తామంటే ముడుతుందని నమ్మకం. "నీ పేరు మీద గద్దె కట్టిస్త బిడ్డా" అన్నాడు మేనమామ. కాకి కదలలేదు. "ఏటేటా అన్నం పెడ్త." కదలలేదు. "దానికి ఇంక ఆకలి తీరలేదు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఇంకొకరు కిసుక్కుమన్నారు. ఛీ! అక్కడ ఉండలేక కిందికి దిగాను.

కింద పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. మరదలు పాలిస్తోంది, పాప పట్టడం లేదు. నన్ను చూడగానే మరదలు ఏమీ అనకుండా పాప కుడి చెయ్యి గుడ్డలోంచి బయటికి తీసింది. ఆరో వేలి మొదట్లో నల్లటి వెంట్రుక బిగించి ఉంది. వేలు నల్లగా కందిపోయింది.

"పొద్దుగాల మా నాయిన కట్టిండు. అత్త చెయ్యి వట్టుకున్నది" అంది. "వదినె పోయింది గదా, ఇంక అడిగేటోళ్లు లేరన్నరు." పాప చెయ్యి వదలకుండానే మళ్లీ అంది. "వదినె ఫోన్ జేసినప్పుడల్ల నన్ను అడిగేది. నేను ప్రతిసారి ఉన్నదని చెప్పిన. ఇప్పుడు ఏం జెప్పాలె?"

"ఏం జేస్తవో నువ్వు చెప్పు" అన్నాను. "తల్లివి నువ్వు."

ఆమె పాపను నా చేతికిచ్చి లేచింది. మూలన అక్క చాట ఇంకా అలాగే ఉంది, పక్కనే ఆకు కత్తెర. ఆ కత్తెర తెచ్చింది. ముడి విప్పబోతే గోరుకు కూడా దొరకడం లేదు. నేను పాప చెయ్యి కదలకుండా పట్టుకున్నాను. మరదలు కత్తెర కొసను వెంట్రుక కిందికి దూర్చి కత్తిరించింది. టుక్కున తెగింది. పాప ఒక్కసారి ఏడుపు ఆపి మా వైపు చూసింది.

మరదలు పాపను భుజాన వేసుకుని మెట్లెక్కింది. వెనకే నేను. డాబా మీద ఇంకా మాటలిస్తూనే ఉన్నారు. ఆమె నేరుగా వెళ్లి విస్తరి ముందు, పెద్దమ్మ ఎదురుగా నిలబడింది. అరచేతిలో ఆ వెంట్రుక ముక్క చూపించింది.

"అత్తా, కోసేసిన. రేపు హైదరాబాద్ పోత. డాక్టరమ్మకు చూపిస్త. నన్ను ఇంట్లకెల్లి ఎల్లగొట్టినా సరే."

"పిచ్చి లేశిందా నీకు?" అని మేనమామ ముందుకొచ్చాడు. "నీ చెల్లె సంబంధం..."

"చెల్లెకు గూడ పరీక్ష చేపిస్త నాయినా" అంది మరదలు. "దానికి గూడ చెప్పాలె గదా. నాకు ఎవ్వరు చెప్పలె."

మేనమామ పెద్దమ్మ వైపు చూశాడు, నువ్వు చెప్పు అన్నట్టు. పెద్దమ్మ చేతిలో గరిటె ఉంది. గరిటెలోంచి పాయసం విస్తరి మీద బొట్లుబొట్లుగా పడుతోంది. ఆమె పాప చెయ్యి చూసింది. చాలాసేపు చూసింది. మళ్లీ ఏదో అబద్ధం చెబుతుందనే అనుకున్నాను. ఆమె గరిటె కింద పెట్టి, విస్తరి వైపు తిరిగి, ఎదురుగా మనిషి ఉన్నట్టే మాట్లాడింది.

"ఉండె బిడ్డా. రెండు చేతులకు ఉండె. నేనే కట్టిన. నేనే లేవన్న." తరవాత మరదలి వైపు తిరిగి, "డాక్టరమ్మకు నేనే చెప్త" అంది.

ఆమెను చూసి నాకు జాలి వేసిందని రాస్తే అబద్ధం. జాలి వేయలేదు. ఆ రెండు మాటలు పలకడానికి ఒక మనిషి చావాలా అని ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. అక్క బతికుంటే మాత్రం ఏదో అని అందరినీ నవ్వించేది. నాకు ఆ తెలివి లేదు.

అప్పుడే మేనమామ గట్టిగా అరిచాడు. "ముట్టింది! ముట్టింది! రొట్టె ముక్క ఎత్తుకపోయింది!" జనమంతా హమ్మయ్య అని అటు తిరిగారు. ఒకరిద్దరు అప్పుడే కింద భోజనాలకు మెట్లు దిగడం మొదలుపెట్టారు.

మరదలు అటు చూడలేదు. పాప కుడి చెయ్యిని అరచేతిలో పెట్టుకుని, వెంట్రుక కోసిన గీత మీద మెల్లగా రుద్దుతోంది. నల్లబడిన వేలు కొస నుంచి కొంచెం కొంచెంగా ఎర్రబడుతోంది. ఆమె తల వంచి, ఫోన్లో అక్కకు ఎప్పుడూ చెప్పే గొంతుతోనే అంది.

"ఉన్నది వదినె. వేలున్నది."